ల్యాప్‌టాప్‌లో అరోరా ప్లాస్మా: మొదటి సిమ్యులేషన్ రాసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

తిరుపతి నుంచి అరోరా, అంటే ధ్రువాల దగ్గరి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, కనిపించదు. అయస్కాంత అక్షాంశాల లెక్కన అది 65 నుంచి 75 డిగ్రీల మధ్య తిరిగే వ్యవహారం, మనమేమో భూ అయస్కాంత మధ్యరేఖకి కూతవేటు దూరంలో ఉన్నాం. 2024 మే నెల సౌర తుఫానులో లద్దాఖ్‌లోని హాన్లే దాకా ఎర్రటి వెలుగు దిగింది గానీ శేషాచలం కొండల మీదికి రాలేదు. ఆ ఫొటోలు ఫోన్లలో తిరిగిన దగ్గర్నుంచి మాత్రం ఇక్కడి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లల్లో "ప్రాజెక్టుకి అరోరా సిమ్యులేషన్ పెట్టుకుంటాను సార్" అనేవాళ్లు ఎక్కువయ్యారు. పెట్టుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్ ఉండి, పైథాన్ కాస్త తెలిస్తే చాలు. కాకపోతే "అరోరా మొత్తాన్ని సిమ్యులేట్ చేస్తాను" అన్న మాట పక్కన పెట్టాలి. అందులో ఏ ముక్క మనది అన్నది తేలకుండా రాసిన కోడ్ రంగురంగుల బొమ్మలిస్తుందే తప్ప జవాబు ఇవ్వదు.

ఏ ముక్క?

కంటికి కనిపించే వెలుగు 100 నుంచి 300 కిలోమీటర్ల ఎత్తులో పుడుతుంది. పైనుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల వల్ల ఉత్తేజితమైన ఆక్సిజన్ 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతినీ, మరింత ఎత్తులో 630 నానోమీటర్ల ఎరుపునీ ఇస్తుంది. అది పరమాణువుల కథ, వేరే ప్రాజెక్టు. మన ప్రశ్న అంతకు ముందుది: ఆ ఎలక్ట్రాన్లకి వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఎక్కడ అబ్బింది?

కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో, అయస్కాంత రేఖల వెంబడే ఉండే విద్యుత్ క్షేత్రం వల్ల. 1958లో స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్‌వెన్ ఈ మాట అన్నప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లూ అయాన్లూ విడివిడిగా తిరిగే వాయువు, మంచి వాహకం కదా, రేఖ వెంబడి క్షేత్రం నిలుస్తుందా అన్నది వాళ్ల సందేహం. 1971లో ఫ్రాంక్, అకర్సన్ ఉపగ్రహ కొలతల్లో తలకిందులైన 'వి' ఆకారపు శక్తి పటాలు చూపించాక గాలి మారింది. 1996లో నాసా పంపిన ఫాస్ట్ ఉపగ్రహం ఆ ప్రాంతం గుండానే తిరిగి, క్షేత్రాన్నీ కణాల్నీ అతి సూక్ష్మ వ్యవధుల్లో కొలిచింది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోండి. విద్యుత్ ప్రవాహం పైకి వెళ్లే చోట ఎలక్ట్రాన్లు కిందికి దూకుతాయి, వెలిగే తెరలు అక్కడివి. ప్రవాహం కిందికి వచ్చే చోట ఎలక్ట్రాన్లు పైకి ఎగురుతాయి, ఆకాశం అక్కడ చీకటిగా ఉంటుంది. ఎలక్ట్రాన్ రంధ్రాలు అనే ఒంటరి తరంగాల్ని ఫాస్ట్ ఉపగ్రహం పుష్కలంగా చూసింది ఈ చీకటి పక్కనే. మొదటి ప్రాజెక్టుకి నేను ఇదే సిఫారసు చేస్తాను: వేగంగా పోయే ఎలక్ట్రాన్ పుంజం, నెమ్మదైన ఎలక్ట్రాన్ల గుండా పోతే ఏమవుతుంది? చిన్న పెట్టెలో ఇమిడే ప్రశ్న, జవాబుని పోల్చుకోవడానికి కొలతలూ ఉన్నాయి.

కాగితం మీద అంకెలు

కోడ్ తెరవకముందు ఒక పేజీ లెక్క వేయాలి. ఈ పేజీ లేకుండా వచ్చినవాళ్లని నేను వెనక్కి పంపేస్తాను.

సాంద్రత ఘన సెంటీమీటరుకి 1 ఎలక్ట్రాన్, ఉష్ణోగ్రత 100 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకోండి. ప్లాస్మా పౌనఃపున్యం, అంటే పక్కకి జరిగిన ఎలక్ట్రాన్లు ముందుకీ వెనక్కీ ఊగే పౌనఃపున్యం, సాంద్రత వర్గమూలాన్ని 9,000తో గుణిస్తే వస్తుంది, అంటే 9 కిలోహెర్ట్జ్. దాన్ని కోణీయ పౌనఃపున్యంగా మార్చి తలకిందులు చేస్తే సుమారు 17.7 మైక్రోసెకన్లు. ఇదే మన గడియారం. ఉష్ణవేగం సెకనుకి దాదాపు 4,190 కిలోమీటర్లు. రెంటినీ గుణిస్తే డెబై దూరం, అంటే ప్లాస్మాలో ఒక ఆవేశపు ప్రభావం చుట్టూ ఉన్న కణాలు కప్పేసేలోపు చేరే దూరం, 74 మీటర్లు. ఇదే మన కొలబద్ద. విద్యుత్ క్షేత్రానికి ప్రమాణం 100 వోల్టుల్ని 74 మీటర్లతో భాగించినది, అంటే మీటరుకి 1.35 వోల్టులు.

ఇప్పుడు అయస్కాంత క్షేత్రం. ఒక భూవ్యాసార్ధం ఎత్తుకి, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు పైకి వెళ్తే క్షేత్రం నేల మీదున్న దాంట్లో ఎనిమిదో వంతుకి, దాదాపు 7,000 నానోటెస్లాకి పడిపోతుంది. నానోటెస్లాకి 28 హెర్ట్జ్ చొప్పున ఎలక్ట్రాన్ సైక్లోట్రాన్ పౌనఃపున్యం, అంటే అయస్కాంత రేఖ చుట్టూ ఎలక్ట్రాన్ తిరిగే పౌనఃపున్యం, సుమారు 196 కిలోహెర్ట్జ్. ప్లాస్మా పౌనఃపున్యానికి ఇరవై రెట్లు పైమాటే. ఉష్ణవేగంతో పోయే ఎలక్ట్రాన్ గిరగిరా తిరిగే వృత్తం వ్యాసార్ధం మూడున్నర మీటర్లు కూడా ఉండదు, డెబై దూరమేమో 74. అంటే ఎలక్ట్రాన్ రేఖని వదిలి పక్కకి పోలేదు. ఒక్క పరిమాణంలో, రేఖ వెంబడి మాత్రమే లెక్క కట్టుకోవడానికి మనకున్న హక్కు ఇదే. వైవాలో తప్పకుండా అడుగుతారు.

ఈ హక్కు అన్ని చోట్లా ఉండదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గరున్న 53 మెగాహెర్ట్జ్ రాడార్ మన మీది అయనోస్ఫియర్ని, అంటే పై వాతావరణంలోని ప్లాస్మా పొరల్ని, గమనిస్తుంది కదా, అందులో పైనుండే ఎఫ్ పొరలో పగటిపూట సాంద్రత ఘన సెంటీమీటరుకి పది లక్షల స్థాయి. ప్లాస్మా పౌనఃపున్యం 9 మెగాహెర్ట్జ్, సైక్లోట్రాన్ పౌనఃపున్యం దాదాపు 1 మెగాహెర్ట్జ్. నిష్పత్తి అడ్డం తిరిగింది. అరోరా కోసం రాసిన కోడ్‌లో అంకెలు మార్చి గాదంకి మీద ఆకాశానికి వాడేస్తానంటే కుదరదు.

పెట్టె ఎంత పెద్దది? 512 డెబై దూరాలు తీసుకుంటే 38 కిలోమీటర్లు. 500 గడియారపు ప్రమాణాలు నడిపితే దాదాపు 9 మిల్లీసెకన్లు. మీ సిమ్యులేషన్ మొత్తం అంతే. వేల కిలోమీటర్ల ప్రాంతాన్ని డెబై దూరం గడులతో నింపాలంటే లక్ష దాకా గడులు కావాలి, అయాన్లు దాన్ని దాటేదాకా ఆగాలి. అందుకే ముక్క ఎంచుకోమన్నది.

కోడ్ అస్థిపంజరం

పద్ధతి పేరు పార్టికల్-ఇన్-సెల్. లక్షల కణాలు ఒకదాన్నొకటి ఎలా తోసుకుంటున్నాయో జంటజంటగా లెక్కపెట్టరు. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో ఎవరు ఎవరిని తోశారో చూడరు, ఏ కంపార్ట్‌మెంట్‌లో ఎంతమంది ఉన్నారో చూసి గేటు తీస్తారు కదా, ఇదీ అంతే. గడికి ఎంత ఆవేశం ఉందో లెక్కించి, దాన్నుంచి విద్యుత్ క్షేత్రం కట్టి, ఆ క్షేత్రంతో కణాల్ని కదిలించాలి. మళ్లీ మొదటికి.

అన్నిటినీ పైన చెప్పిన ప్రమాణాల్లోకి మార్చేయండి: దూరం డెబైల్లో, వేగం ఉష్ణవేగాల్లో, కాలం గడియారపు ప్రమాణాల్లో. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 1, ఆవేశం మైనస్ 1, సగటు సాంద్రత 1. అయాన్లు ప్రస్తుతానికి కదలని ప్లస్ 1 నేపథ్యం. ఒక్కో సిమ్యులేషన్ కణం బరువు, పెట్టె పొడవుని కణాల సంఖ్యతో భాగించినంత. గడి వెడల్పు 1 డెబై దాటకూడదు. టైమ్ స్టెప్ 0.1 పెట్టుకోండి. 2 దాటితే లీప్‌ఫ్రాగ్ పద్ధతి (స్థానాలూ వేగాలూ అర స్టెప్ తేడాతో నడిచేది) పేలిపోతుంది, 0.2 దాటితేనే కచ్చితత్వం పోతుంది.

మొదటి పని, ఆవేశాన్ని గడులకి పంచడం. కణం రెండు గ్రిడ్ బిందువుల మధ్య ఉంటే దగ్గరి బిందువుకి ఎక్కువ వాటా, దూరపు దానికి తక్కువ. ఇక్కడే పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో ఒక గొయ్యి ఉంది. గ్రిడ్ శ్రేణిని సూచికల జాబితాతో పట్టుకుని 'ప్లస్ ఈక్వల్' అని రాస్తే, ఒకే గడిలో వంద కణాలున్నా ఒక్కదాన్నే కలుపుతుంది, మిగతా తొంభై తొమ్మిదీ మాయం. ఎర్రర్ రాదు, కోడ్ హాయిగా నడుస్తుంది. 'బిన్‌కౌంట్' ఫంక్షన్‌కి బరువులు ఇచ్చి చేయించండి, అది సరిగ్గానూ చేస్తుంది, వేగంగానూ చేస్తుంది. పంచిన వెంటనే మొత్తం ఆవేశం పెట్టె పొడవుకి సమానమో కాదో ఒక్క లైనులో చూసుకోండి.

రెండోది, క్షేత్రం. పెట్టె రెండు చివర్లూ కలిసిపోయి ఉన్నాయనుకుంటే ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ చాలు. ప్రతి తరంగ సంఖ్య దగ్గరా ఆవేశపు విలువని ఆ తరంగ సంఖ్యతో, ఊహాసంఖ్యతో భాగిస్తే క్షేత్రం వస్తుంది. సున్నా తరంగ సంఖ్య విలువని సున్నా చేసేయాలి. ఇలా చేయడం అంటే సగటు విద్యుత్ ప్రవాహాన్ని బయటి నుంచి ఎవరో సర్దుతున్నారని ఒప్పుకోవడమే. పుంజం ఉన్నప్పుడు సగటు ప్రవాహం సున్నా అయ్యేలా నేపథ్యపు వేగాన్ని సర్దుకుంటే ఆ సందేహమే ఉండదు.

మూడోది, క్షేత్రాన్ని కణం దగ్గరికి తేవడం. ఆవేశం ఏ వాటాల్లో పంచామో అవే వాటాల్లో తేవాలి. అక్కడొక పద్ధతి, ఇక్కడొక పద్ధతి వాడితే కణం తన క్షేత్రంతో తననే తోసుకుంటుంది. నాలుగోది, కదపడం. వేగాలు స్థానాలకి అర స్టెప్ వెనక నడవాలి కాబట్టి మొదట్లో ఒక్కసారి వేగాల్ని అర స్టెప్ వెనక్కి నెట్టండి. పెట్టె దాటిన కణాన్ని మాడ్యులోతో రెండో చివర నుంచి లోపలికి తెండి.

ఇదంతా కలిపి వంద లైన్లు మించదు.

బొమ్మల కంటే ముందు పరీక్షలు

ఫేజ్ స్పేస్ బొమ్మ, అంటే అడ్డంగా కణాల స్థానం, నిలువుగా వేగం ఉండే బొమ్మ, గీయడానికి చేయి దురద పెడుతుంది. ఆగండి, ముందు మూడు పరీక్షలు దాటాలి.

ఒకటి, చల్లటి డోలనం. కణాల్ని సమాన దూరాల్లో పేర్చి, వేగం సున్నా ఇచ్చి, సైన్ తరంగంలా కొద్దిగా జరపండి. క్షేత్రం 6.28 ప్రమాణాలకి ఒకసారి ఊగాలి. ఇంతకంటే రెండున్నర రెట్లు వేగంగా ఊగితే ట్రాన్స్‌ఫామ్ తరంగ సంఖ్యలకి 6.283 గుణకం వేయడం మరిచారన్నమాట. నంపై ఇచ్చేది పౌనఃపున్యం, మనకి కావలసింది కోణీయ తరంగ సంఖ్య. ఆ గుణకపు వర్గమూలమే ఈ రెండున్నర.

రెండు, ఊరకే ఉంచడం. పుంజం లేకుండా వేడి ప్లాస్మాని మాత్రమే వేసి వేల స్టెప్పులు నడపండి. ఏమీ జరగకూడదు. గడి వెడల్పు డెబై దూరానికి కొన్ని రెట్లు పెట్టి మళ్లీ నడిపితే, ఎవరూ వేడి చేయకుండానే ప్లాస్మా వేడెక్కుతూ పోవడం కనిపిస్తుంది. ఈ కృత్రిమ వేడి అరోరాది కాదు, గ్రిడ్‌ది. ఒకసారి కళ్లారా చూస్తే తర్వాత ఎక్కడ ఎదురైనా గుర్తుపడతారు.

మూడోదే అసలైనది, ఎదురెదురు పుంజాలు. సగం ఎలక్ట్రాన్లకి ప్లస్ 5, సగానికి మైనస్ 5 వేగం ఇవ్వండి, రెంటికీ ఉష్ణవేగం 1. చల్లటి పుంజాలకి కాగితం మీద వచ్చే గరిష్ఠ పెరుగుదల రేటు, ప్లాస్మా కోణీయ పౌనఃపున్యాన్ని 8 వర్గమూలంతో భాగించినది, అంటే 0.354. ఆ తరంగం పొడవు పుంజం వేగానికి 10.26 రెట్లు, ఇక్కడ 51 డెబైలు. కాబట్టి పెట్టె పొడవు సరిగ్గా అంతే పెట్టి 64 గడులు, గడికి 400 కణాలు వేస్తే ఒక్క తరంగమే పెరుగుతుంది. క్షేత్ర శక్తి లాగరిథం గీసి, అది తిన్నగా ఎక్కే భాగంలో వాలు కొలవండి. శక్తి క్షేత్రపు వర్గం కాబట్టి వాలు రేటుకి రెట్టింపు ఉంటుంది, సగం చేయడం మరవొద్దు. పుంజాలకి కాస్త వేడి ఉంది కనుక 0.35కి కొంచెం కిందుగా రావాలి. 0.2 వచ్చినా 0.5 వచ్చినా వెనక్కి వెళ్లండి. మొత్తం శక్తి, అంటే కణాలదీ క్షేత్రానిదీ కలిపి, ఒక శాతం లోపే కదలాలి.

ఈ మూడో గ్రాఫ్ రిపోర్టులో ఉంటే చదివేవాళ్లు మిగతావన్నీ నమ్ముతారు. లేకపోతే ఎంత అందమైన యానిమేషన్ పెట్టినా నేనైతే నమ్మను.

అసలు పరుగు

512 గడులు, గడికి 1,000 కణాలు, 5,000 స్టెప్పులు. ఐదు లక్షల పన్నెండు వేల కణాలంటే భయపడకండి, వాటి స్థానాలకీ వేగాలకీ కలిపి ఎనిమిది మెగాబైట్లే. మామూలు ల్యాప్‌టాప్‌లో ఇది నిమిషాల పని. పుంజం శక్తి 1,000 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలంటే మన ప్రమాణాల్లో వేగం 20 వర్గమూలం, 4.47. పుంజం వాటా 5, 10, 30, 50 శాతాలుగా మార్చి విడివిడిగా నడపండి. రాండమ్ సీడ్ రాసిపెట్టుకోండి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన ఊళ్లో ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తుంది, కరెంటు మీదా భరోసా ఉండదు. అందుకని 500 స్టెప్పులకోసారి కణాల శ్రేణుల్ని ఫైల్లోకి దించేయండి.

కణాల సంఖ్య ఎందుకంటే, రణగొణ వాటి వర్గమూలంతో తగ్గుతుంది. నాలుగు రెట్లు కణాలేస్తే సగమే తగ్గేది. పలచటి పుంజం పెంచే బలహీన తరంగం ఈ రొదలో మునిగిపోతే కణాలు పెంచుతూ పోవడం దండగ, కణాల బదులు వాటి స్థానాల, వేగాల పంపిణీనే లెక్కించే వ్లాసోవ్ సమీకరణాన్ని నేరుగా గ్రిడ్ మీద సాధించే పద్ధతికి మారాలి.

మందపాటి పుంజంతో నడిపినప్పుడు ఫేజ్ స్పేస్‌లో మొదట అలలు లేచి, తర్వాత కన్ను ఆకారంలో చుట్టుకుపోతాయి. కన్ను మధ్యలో ఎలక్ట్రాన్లు తక్కువ, అదే రంధ్రం. అక్కడ పొటెన్షియల్ గుట్టలా ఉంటుంది, ఆ గుట్ట చుట్టుపక్కల ఎలక్ట్రాన్లని బంధించి ఉంచుతుంది. పక్కపక్క రంధ్రాలు ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతాయి.

అయితే ఉపగ్రహానికి ఫేజ్ స్పేస్ కనిపించదు, దానికి తెలిసేది తనున్న చోట క్షేత్రం ఎలా మారిందన్నదే. మీరూ అదే చేయండి: ఒక గ్రిడ్ బిందువు ఎంచుకుని అక్కడి క్షేత్రాన్ని ప్రతి స్టెప్‌లో నమోదు చేసి, గీయండి. రంధ్రం దాటినప్పుడల్లా క్షేత్రం ఒక వైపు లేచి, వెంటనే రెండో వైపు పడుతుంది. ఇప్పుడు ప్రమాణాలు తిరగేయండి. రంధ్రం 10 డెబైల వెడల్పుంటే 740 మీటర్లు, అది సెకనుకి 2,000 కిలోమీటర్లతో పోతుంటే ఉపగ్రహాన్ని దాటడానికి 0.37 మిల్లీసెకన్లు. మీ లెక్కలో క్షేత్రం 0.1 వస్తే అది మీటరుకి 135 మిల్లీవోల్టులు. ఇలా సెకన్లలో, వోల్టుల్లో రాస్తేనే ఎవరైనా కొలతల పక్కన పెట్టి చూడగలరు.

ఒక హెచ్చరిక: ఒక్క పరిమాణంలో రంధ్రం అడ్డంగా చిట్లిపోయే వీలే లేదు. కాబట్టి మీ కోడ్‌లో అది ఎంతసేపు బతికిందన్నది నిజమైన ఆయుష్షుగా రాయకండి.

అయాన్లు, తెరిచిన చివరలు, అద్దం

అయాన్లని కదిలిస్తే కాలం సాగుతుంది. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే 1,836 రెట్లు బరువు, దాని వర్గమూలం 43, అంటే గడియారం అన్ని రెట్లు నెమ్మది. ఆక్సిజన్ అయాన్‌కైతే 171. అందుకే ముందు ద్రవ్యరాశుల నిష్పత్తి 100తో, తర్వాత 400తో నడిపి ఫలితం ఎటు జరుగుతోందో చూస్తారు. ఒక్క నిష్పత్తితో నడిపి ఊరుకోకూడదు.

వెలిగే పక్కకి వెళ్లి, ఎలక్ట్రాన్లని కిందికి దూకించే పొటెన్షియల్ మెట్టుని, అంటే డబుల్ లేయర్‌ని చూడాలంటే చివరలు తెరవాలి. అప్పుడు ఫోరియర్ పనికిరాదు. రెండు చివర్లా పొటెన్షియల్ నిర్ణయించి, ట్రైడయాగనల్ మాట్రిక్స్‌తో సాధించాలి. కష్టం కణాల్ని లోపలికి పంపడంలో ఉంది. సరిహద్దు దాటి వచ్చే కణాల్లో వేగమైనవాటి వాటా ఎక్కువ, ఎందుకంటే అవి త్వరగా గీత చేరతాయి. మామూలు మాక్స్‌వెల్ పంపిణీ నుంచి తీసి పంపితే గోడ పక్కన దొంగ ఆవేశపు పొర తయారవుతుంది, దాన్నే డబుల్ లేయర్ అనుకుని మురిసిపోయే ప్రమాదం ఉంది. సరైన దారి చిన్నదే: 0 నుంచి 1 మధ్య ఒక రాండమ్ సంఖ్య తీసి, దాని సహజ లాగరిథాన్ని మైనస్ 2తో గుణించి, వర్గమూలం తీసి, ఉష్ణవేగంతో గుణించండి. ఆ కణాన్ని గీత మీదే పెట్టకుండా, స్టెప్‌లో యాదృచ్ఛిక భాగం ముందే దాటినట్టు కాస్త లోపలికి జరపండి.

ఆ తర్వాతది అయస్కాంత అద్దం. రేఖ వెంబడి క్షేత్రం కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది కాబట్టి ప్రతి కణానికీ ఒక అయస్కాంత భ్రామకం అంటగట్టి, ఆ భ్రామకాన్ని క్షేత్రపు వాలుతో గుణించిన బలాన్ని పైకి కలపాలి. ఒక భూవ్యాసార్ధం ఎత్తులో క్షేత్రం ఎనిమిదో వంతు అనుకున్నాం కదా, అక్కడ రేఖకి సుమారు 21 డిగ్రీల లోపు దిశలో ఉన్న ఎలక్ట్రాన్లే కిందికి చేరతాయి, మిగతావి వెనక్కి తిరుగుతాయి. ఇది కుదిరాక పొటెన్షియల్ భేదాన్ని పెంచుతూ ప్రవాహాన్ని కొలవండి. విస్తృతమైన పరిధిలో రెండూ అనులోమంగా పెరగాలి. 1973లో నైట్ చూపించిన సంబంధం ఇది, మీ కోడ్‌కి నాలుగో పరీక్ష కూడా ఇదే.

ధ్రువ ప్రాంతం నుంచి వెలువడే కిలోమీటర్ల తరంగదైర్ఘ్యపు రేడియో ప్రసారం జోలికి ఇప్పుడే పోకండి. 5,000 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సాపేక్షతా సవరణ ఒక్క శాతమే, కానీ ఆ ప్రసారం మొత్తం ఆ ఒక్క శాతం మీదే నడుస్తుంది. దానికి పూర్తి విద్యుదయస్కాంత కోడ్ కావాలి, టైమ్ స్టెప్‌ని కాంతి వేగం శాసిస్తుంది. స్మైలీ, వార్ప్‌ఎక్స్, ఈపాక్ లాంటి ఉచిత కోడ్‌లు ఉన్నాయి. సొంతంగా వంద లైన్లు రాసినవాళ్లకి వాటి ఇన్‌పుట్ ఫైలు చదవగానే అర్థమవుతుంది, రాయనివాళ్లకి అది మంత్రాల పుస్తకంలా ఉంటుంది.

మనకి దగ్గరి విషయమే కావాలనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది: 1963లో ఫార్లీ, బునెమన్ వేర్వేరుగా చెప్పిన అస్థిరత, అంటే చిన్న అలజడి తనంతట తాను పెరిగిపోవడం. సుమారు వంద కిలోమీటర్ల ఎత్తులో ఎలక్ట్రాన్లు, అయాన్ల మధ్య సాపేక్ష వేగం ధ్వనివేగాన్ని దాటినప్పుడు పుడుతుంది. అరోరా ప్రాంతపు విద్యుత్ ప్రవాహంలోనూ ఉంటుంది, తిరునెల్వేలి, తిరువనంతపురం మీదుగా పోయే మధ్యరేఖా ప్రవాహంలోనూ ఉంటుంది. దీనికి పైన రాసిన ఏక పరిమాణ కోడ్ చాలదు: అయస్కాంత క్షేత్రానికి లంబంగా ఉండే రెండు పరిమాణాల తలం కావాలి, తటస్థ గాలి అణువులతో అయాన్లు ఢీకొనడాన్ని ప్రతి స్టెప్‌లో మాంటే కార్లో పద్ధతిలో, అంటే రాండమ్ సంఖ్యలతో, కలపాలి. ఆవేశం పంచే భాగమూ, ఫోరియర్ భాగమూ మాత్రం రెండో పరిమాణానికి పొడిగించుకుని అలాగే వాడుకోవచ్చు.